పంచాంగపు మాటలకు ఆకాశములో అర్థములు



నేటి నా ప్రసంగము ఖగోళశాస్త్రమునందలి మొదటి మాటలను గూర్చినది. శాస్త్రమను పేరు విని ఇది మనకందని దని తలపవలదు. తిథి, నక్షత్రము, కార్తె, సంక్రాంతి, అయనము అను మాటలు వినబడని యిల్లు తెలుగునాట లేదు. ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయుదుము. శుభకార్యము వచ్చినప్పుడు పంచాంగము తెఱతుము. విత్తనము చల్లుటకు ముందు ఇప్పుడు ఏ కార్తె నడచుచున్నదని యడుగుదుము. మాటలన్నియు మన నోట నున్నవి. ఆ మాటలకు ఆకాశములో గుఱుతులేవియో చూపుమన్నప్పుడు మాత్రము మనలో పెక్కుమంది తడబడుదుము. పెండ్లినాడు పట్టపగలు అరుంధతి కనబడినదని తల యూపినవారమే కదా మనమందఱము!

దీనివలన నష్టమేమని మీరడుగవచ్చును. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠము చెప్పినవాడను. అంతకుముందు గురువుల యొద్ద పంచాంగగణితము కొంత యభ్యసించినవాడను. ఈ రెండు విద్యల నడుమ పుట్టు తగవును నేను చాల యిండ్లలో చూచితిని. బడినుండి వచ్చిన మనుమడు, "తాతా! ఉత్తరాయణము డిసెంబరు 22 ప్రాంతముననే మొదలగునని మా పుస్తకములో నున్నదే!" అనును. తాత, "కాదురా, సంక్రాంతినాడు కదా ఉత్తరాయణ పుణ్యకాలము, మీ పుస్తకము తప్పు" అనును. మనుమడు పెద్దవారికి ఎదురు చెప్పక ఊరకుండును. మీ పంచాంగమే తప్పని మనసులో నిశ్చయించుకొనును. ఆ దినము మొదలు వాడు తాత నడుగుట మానును. నాకు తోచినంతవఱకు ఇదియే నష్టము. ఇద్దఱి మాటయు ఒక విధమున నిజమే. ఆ విధమేమో తెలియుటకు ఆకాశమును మొదటినుండి కొంచెము పరిచయము చేసికొనవలెను.

మన యూరి చెఱువుగట్టుమీద నిలిచి నలుదెసలు చూచినయెడల ఆకాశము పెద్ద గుండిగను బోర్లించినట్లు తోచును. దాని యంచు నేలను తాకినట్లు కనబడు వలయమునకు క్షితిజమని పేరు. మన నడినెత్తిన నున్న బిందువునకు ఖస్వస్తికమని పేరు. పూర్తి వలయమును 360 అంశలుగా విభజింతురు. క్షితిజమునుండి ఖస్వస్తికము వఱకు 90 అంశలు. పాఠ్యపుస్తకములలో డిగ్రీలని వ్రాయునవి ఇవియే.

వీనిని కొలుచుటకు యంత్రము కొనవలసిన పనిలేదు. చేయి చాచి పిడికిలి బిగించి ఆకాశమునకు అడ్డముగా పట్టినచో ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 అంశలు. చిటికెనవ్రేలి వెడల్పు సుమారు ఒక అంశ. సూర్యబింబమైనను పూర్ణచంద్రబింబమైనను అర అంశ మాత్రమే. పిల్లవాని పిడికిలి చిన్నది, చేయియు పొట్టిది. కావున ఈ కొలత తాతకును మనుమనికిని ఇంచుమించుగ ఒక్కటే.

ఈ కొలతతో మొదట ధ్రువుని చూడుడు. వేసవి రాత్రులందు ఆరుబయట పరుండినప్పుడు ఉత్తరదిక్కున సప్తర్షులు కనబడుదురు. వారిలో మొదటి యిద్దఱు క్రతువు, పులహుడు. పులహునినుండి క్రతువు మీదుగా ఒక గీత గీసినట్లు భావించి, వారి నడిమి దూరమునకు ఐదింతలు పోయినచో ధ్రువనక్షత్రము దొరకును. విజయవాడలో అది క్షితిజమునకు సుమారు 16 అంశల పైన, అనగా పిడికిలిన్నర కంటె కొంచెము ఎత్తున నుండును. శ్రీకాకుళమున మఱికొంత ఎత్తుగను, నెల్లూరున మఱికొంత దిగువగను ఉండును. ఒక యూరినుండి ధ్రువుని ఎత్తు ఎంతయో, ఆ యూరి అక్షాంశము దాదాపు అంతయే. అక్షాంశమను మాట పటమునందలి గీతలకు మాత్రమే చెందినది కాదు. మన పెరటినుండియే దానిని కొలువవచ్చును.

ధ్రువుడు తప్ప తక్కిన నక్షత్రములన్నియు తూర్పున లేచి పడమట దిగునట్లు, లేక ధ్రువుని చుట్టు తిరుగునట్లు కనబడును. నిజమునకు తిరుగుచున్నది భూమి. క్రీ.శ. 499 నాటికి ఇరువదిమూడేండ్ల వాడైన ఆర్యభటుడు ఈ సంగతిని చెప్పియున్నాడు. పడవలో పోవువానికి గట్టుమీది వస్తువులు వెనుకకు పోవునట్లు తోచుటను ఆయన ఉపమానముగా చూపెను. ఒక దినమునకు 60 ఘడియలు; ఘడియకు 24 నిమిషములు. 60 ఘడియలలో ఆకాశము 360 అంశలు తిరుగును గనుక ఘడియకు 6 అంశలు తిరుగును. ధ్రువునికి దూరముగా నున్న నక్షత్రము నొకదానిని చూచి, ఘడియ గడచిన పిదప మరల చూడుడు. అది పిడికిలిలో సగమునకు కొంచెము పైగా జరిగియుండును.

ఇది దినగతి. దీనికి తోడు సూర్యునికి వార్షికగతి యొకటి కలదు. భూమి సూర్యుని చుట్టు తిరుగుటవలన, మనకు సూర్యుడే నక్షత్రముల నడుమ దినమునకు సుమారు ఒక అంశ చొప్పున తూర్పునకు జరుగుచున్నట్లు తోచును. ఆ మార్గమునకు క్రాంతివృత్తమని పేరు. దానిని 12 భాగములు చేసినచో ఒక్కొక్కటి 30 అంశల రాశి. 27 భాగములు చేసినచో ఒక్కొక్కటి 13 అంశల 20 కళల నక్షత్రము. అంశలో అఱువదవ భాగము కళ. సూర్యుడు ఒక రాశినుండి మఱియొక రాశిలో ప్రవేశించుటయే సంక్రాంతి. అట్టివి ఏటికి పండ్రెండు.

మఱి సూర్యుడు ఒక నక్షత్రమున నుండు కాలమే కార్తె. ఏడాదిని 27 చేత భాగించినచో కార్తెకు 13 లేక 14 దినములు వచ్చును. రోళ్లు పగులునని చెప్పుకొను రోహిణి కార్తె మే నెల చివరివారమున మొదలై, జూను 7, 8 తేదీలకు మృగశిరకు చోటిచ్చును. అయితే సూర్యుడున్న నక్షత్రము పగటి వెలుగులో మఱుగుపడును. కావున రాత్రి దాని యెదుటి నక్షత్రమును చూచి గుర్తింపవలెను. రోహిణి కార్తెలో ప్రొద్దుగ్రుంకు వేళకు ఆగ్నేయమున ఎఱ్ఱని జ్యేష్ఠానక్షత్రము లేచుచుండును. ఖగోళమునందు ఇంత కఠినమైన విషయమును ఏనాటినుండియో తన సేద్యములో నిలుపుకొన్నవాడు మన రైతు.

ఇక చంద్రుని సంగతి. చంద్రుడు సూర్యునికంటె వేగముగ తూర్పునకు నడచుచు దినమునకు సుమారు 12 అంశలు సూర్యుని మించిపోవును. ఇద్దఱును ఒక్క దెసనుండుట అమావాస్య. 180 అంశల యెడముగ ఎదురెదురుగ నుండుట పూర్ణిమ. ఈ యెడము 12 అంశలు పెరిగినప్పుడెల్ల ఒక తిథి ముగియును. అందుచేత తిథులు 30. అష్టమి నడుమ యెడము సరిగా 90 అంశలై చంద్రబింబము సగము వెలుగుచుండును.

తిథి సూర్యోదయమున మొదలై సూర్యోదయమున ముగియదేమని చాలమంది యడుగుదురు. తిథి గడియారపు కొలత కాదు. ఆకాశములోని యెడముయొక్క కొలత. చంద్రుడు భూమికి ఒకప్పుడు సుమారు 3,63,000 కిలోమీటర్ల దూరమునకు దగ్గఱి, మఱియొకప్పుడు సుమారు 4,05,000 కిలోమీటర్లు దూరమగును. దగ్గఱ నున్నప్పుడు వడిగా నడచును, దూరమున మెల్లగా నడచును. కావున తిథి ఒకప్పుడు ఇంచుమించు 20 గంటలకే ముగియును, ఒకప్పుడు 26 గంటలు దాటును. ఏ సూర్యోదయమునకును తగులని తిథి క్షయతిథి. రెండు సూర్యోదయములకు తగులునది వృద్ధితిథి. ఇందులో పంచాంగకర్త కల్పించినది ఏమియు లేదు.

పంచాంగమునకు అంగములు ఐదు గదా. తిథి చెప్పితిని. నక్షత్రమనగా ఆ దినమున చంద్రుడున్న నక్షత్రము. ఇరువదియేడింటిని ఆయన సుమారు 27 దినముల 8 గంటలలో చుట్టివచ్చును. కరణము తిథిలో సగము. సూర్యచంద్రుల స్థానముల అంశలను కూడి 13 అంశల 20 కళలచేత భాగించినచో వచ్చునది యోగము. వారమునకు మాత్రము ఆకాశములో గుఱుతు లేదు. అది ఎడతెగక నడచుచున్న లెక్క. మాసముల పేర్లు సైతము ఆకాశమునుండి వచ్చినవే. పున్నమిచంద్రుడు చిత్తకు దగ్గఱ నుండునది చైత్రము, కృత్తికలకు దగ్గఱ నుండునది కార్తికము. ఈ పండ్రెండు మాసములు కలిపి 354 దినములే గనుక ఏటికి సుమారు 11 దినములు లోటు పడును. ఆ లోటు పెరిగి, సూర్యసంక్రాంతి లేని చాంద్రమాస మొకటి వచ్చినప్పుడు అది అధికమాసమగును.

ఈ లెక్కలు సరియో కాదో తేల్చువారెవరు? ఆకాశమే తేల్చును. గ్రహణము అట్టి పరీక్ష. చంద్రుని మార్గము క్రాంతివృత్తమునకు సుమారు 5 అంశలు వాలియుండి, దానిని రెండు చోట్ల ఖండించును. ఆ ఖండనబిందువులే రాహుకేతువులు. ఆ బిందువుల చెంత అమావాస్యగాని పూర్ణిమగాని సంభవించినప్పుడు గ్రహణము కలుగును. చెప్పిన ఘడియకు గ్రహణము పట్టకున్నచో గణితమును సరిచేయవలసినదే.

ఈ పరీక్షకు తెలుగునేల పేరుపొందినది. 1868 ఆగష్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్నముల మీదుగా పోయెను. ఫ్రాన్సు దేశపు జాన్సెన్ పండితుడు గుంటూరునకు వచ్చి, గ్రహణవేళ సూర్యుని యంచున కనబడు శిఖలు మండు వాయువులని గుర్తించి, మఱునాడు గ్రహణము లేకయే వానిని పరిశీలించు ఉపాయమును కనుగొనెను. మద్రాసు నక్షత్రశాలలో పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులవారు అదే గ్రహణమును వనపర్తిలో పరిశీలించిరి. ఆయనయే దృగ్గణిత పంచాంగములను ప్రకటించినవారు. దృక్కనగా చూపు, చూపునకు సరిపడు గణితము దృగ్గణితము. పూర్వపద్ధతి పంచాంగమునకును దీనికిని తిథి ముగియు వేళలో కొన్ని ఘడియల భేదము వచ్చుట అందుచేతనే. ఒకే పండుగను ఊరిలో రెండు దినములు చేసికొని మాటలు పట్టింపులు పెంచుకొనుటకు మూలము ఈ భేదమే. 1980 ఫిబ్రవరి 16వ తేదీని మరల సంపూర్ణ సూర్యగ్రహణము మన ప్రాంతముల మీదుగా పోయినప్పుడు హైదరాబాదు చెంతనున్న జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించుచుండగా, ఊళ్లలోని వీధులు నిర్మానుష్యములై యుండెను.

ఇప్పుడు తాతకును మనుమనికిని వచ్చిన తగవును విచారింతము. భూమి తన యిరుసు మీద నిలువుగా గాక సుమారు 23 అంశలన్నర వాలియుండి తిరుగుచున్నది. అందుచేత సూర్యోదయస్థానము ఆఱు మాసములు ఉత్తరమునకును, ఆఱు మాసములు దక్షిణమునకును జరుగుచుండును. దక్షిణపు కొనకు చేరి ఉత్తరమునకు మరలుట ఉత్తరాయణారంభము. ఇది డిసెంబరు 21 లేక 22న జరుగును. మనుమడు చెప్పినది దీనినే. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించుట జనవరి 14 లేక 15న జరుగును. తాత చెప్పినది దీనిని.

ఒకప్పుడు ఈ రెండును ఒక్కనాడే జరిగెడివి. అవి విడిపోవుటకు కారణము బొంగరమును చూచిన పిల్లవానికి సులభముగా బోధపడును. బొంగరము గిఱ్ఱున తిరుగుచునే తన తలను మెల్లగా చుట్టు త్రిప్పును గదా. భూమి యిరుసు అట్లే సుమారు 26,000 ఏండ్లకు ఒక చుట్టు త్రిప్పును. అందుచేత అయనబిందువు నక్షత్రముల నడుమ ఏటికి సుమారు 50 వికలలు, అనగా 72 ఏండ్లకు ఒక అంశ చొప్పున వెనుకకు జరుగుచుండును. కళలో అఱువదవ భాగము వికల. ఇట్లు కూడిన భేదమునకు అయనాంశలని పేరు. నేడు అవి సుమారు 24. ఈ చలనమును కలుపుకొని లెక్కించుట సాయనము. విడిచి నక్షత్రములను బట్టి లెక్కించుట నిరయనము. మనుమని పుస్తకము సాయనము, తాత పంచాంగము నిరయనము. తగవంతయు ఈ రెండు మాటలు తెలియకపోవుటవలన వచ్చినది.

ఇది పాశ్చాత్యులు తెచ్చిన క్రొత్తమాట యని శంకింపవలదు. వేదాంగజ్యోతిషము ఉత్తరాయణమును ధనిష్ఠ మొదట చెప్పినది. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో పూర్వశాస్త్రముల ఆ మాటను స్మరించి, తన కాలమున అది మకరాదియందు జరుగుచున్నదని వ్రాసెను. నేడు అది ధనుస్సులోని మూలానక్షత్రమున జరుగుచున్నది. భేదము కనబడినచో ప్రత్యక్షముగా పరీక్షించి తెలిసికొనుమని ఆయనయే దారి చూపెను. దూరపు గుఱుతును బట్టి సూర్యోదయాస్తమయములను చూడుమనియు, పెద్ద వలయములో నీడ ప్రవేశనిర్గమములను గుర్తింపుమనియు ఆయన చెప్పిన ఉపాయములు. ప్రాచీనులయెడల గౌరవము కలవారు వారి వాక్యముతోపాటు వారి చూపును గూడ నిలుపుకొనవలెను గదా.

ఈ చలనము సేద్యమునకును తగులును. కార్తెలు నిరయనములు, ఎండవానలు సాయనములు. కార్తె మొదలగు దినము సుమారు 70 ఏండ్లకు ఒక దినము చొప్పున ఋతువునందు వెనుకబడుచుండును. ఒక మనుష్యుని ఆయుర్దాయములో ఇది లెక్కకు రాదు. 950 ఏండ్లలో మాత్రము ఒక పూర్తి కార్తె తేడా వచ్చును. మేఘనాథ సాహాగారి అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగసంస్కరణ సంఘము 1955లో నివేదిక నిచ్చినప్పుడు ఋతువులు మాసములనుండి జాఱిపోకుండుటనే ముఖ్యముగా చూచినది. దానిని అనుసరించియే 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. సంక్రాంతి పండుగను మార్చుకొనుడని నేను చెప్పుటలేదు. అది పంట యింటికి వచ్చు పండుగ. గొబ్బెమ్మలును ముగ్గులును దానియందే శోభించును. ఆ దినమున జరుగునది మకరప్రవేశమనియు, సూర్యుడు మరలినది అంతకు మూడు వారములకు పైగా ముందనియు తెలిసి పండుగ చేసికొందము.

నా మాట నమ్మవలదు; మీరే పరీక్షింపుడు. పండ్రెండడుగుల వెదురువాసమును చదునైన నేలమీద, గుండు కట్టిన త్రాటితో సరిచూచి, నిటారుగా పాతుడు. ప్రతిదినము మధ్యాహ్నమున నీడ మిక్కిలి పొట్టియైనప్పుడు దాని కొనయందు మేకు నాటుడు. విజయవాడ ప్రాంతమున డిసెంబరు 22న ఆ నీడ సుమారు 10 అడుగులుండును. సంక్రాంతినాటికి సుమారు 9 అడుగుల 4 అంగుళములే యుండును. పండుగకు ముందే నీడ తగ్గుట మొదలైనదని మేకులే చెప్పును. సూర్యబింబమును తేరిపాఱ చూడనక్కఱలేదు, పిల్లలను చూడనీయవలదు, నీడ చాలును. ఒడిశాలోని ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరుడు, 1835 మొదలు 1904 వఱకు జీవించినవాడు, వెదురుతోను కఱ్ఱతోను చేసికొన్న యంత్రములతోనే గ్రహగతులను కొలిచి సిద్ధాంతదర్పణమును రచించెను. మనకు ఒక్క వాసము దొరకదా!

పెద్దలకు నా ప్రార్థన యిది. వచ్చు డిసెంబరు రెండవవారమున మనుమనిని, మనుమరాలిని పిలిచి ఆ వాసమును వారిచేతనే పాతింపుడు. మేకులు వారే నాటవలెను, కొలతలు వారే వ్రాయవలెను. సాయనము, నిరయనము అను రెండు మాటలు మీరు చెప్పుడు. ఇరుసు వాలు సంగతి వారు తమ పుస్తకము తెఱచి మీకు చదివి వినిపింతురు. సంక్రాంతినాటికి మీ పెరటిలో ముప్పది మేకుల వరుస యుండును. ఆ వరుసను చూపి ఇరుగుపొరుగు పిల్లలకు గూడ చెప్పుడు.